యూఎస్‌బీ డ్రైవర్లు: కెర్నల్ దృష్టిలో పరికరం అంటే ఏది? - పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లైనక్స్ యూఎస్‌బీ డ్రైవర్ల గురించే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌లో ఉండి పరికరాన్ని నడిపే కోడ్ గురించే. పైకి ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు కనిపించినా వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే. మన చేతిలో ఉన్న వస్తువు వేరు, దాని కోసం కెర్నల్ తన మెమరీలో కట్టుకునే స్ట్రక్చర్లు (వివరాలు దాచుకునే డేటా గుంపులు) వేరు. ఈ రెండూ ఒకేసారి పుట్టవు, ఒకేసారి పోవు, లెక్కలో కూడా ఒకటికి ఒకటిగా సరిపోవు.

ప్రశ్న: మా పరికరం ఒక్కటే. దాని వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ నా డ్రైవర్ ఐడీ_టేబుల్‌లో (అది ఏ పరికరాలకు పనిచేస్తుందో చెప్పే జాబితాలో) రాశాను. కేబుల్ గుచ్చగానే ప్రోబ్ (పరికరం రాగానే కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) రెండుసార్లు నడుస్తోంది. రెండోసారి ఎండ్‌పాయింట్లు (డేటా వచ్చిపోయే దారులు) దొరకక ఎర్రర్‌తో బయటికొస్తోంది. కెర్నల్ దీన్ని రెండు పరికరాలుగా లెక్కేస్తోందా?

జవాబు: పరికరం ఒకటేనని కెర్నల్‌కు తెలుసు. అయితే డ్రైవర్‌ను అది పరికరానికి కాదు, ఇంటర్‌ఫేస్‌కు అతికిస్తుంది. మీ పరికరంలో రెండు ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి కాబట్టి ప్రోబ్ రెండుసార్లు వచ్చింది.

పై నుంచి కిందికి చూద్దాం. మొత్తం వస్తువుకు ఒక యూఎస్‌బీ_డివైస్ స్ట్రక్చర్ ఉంటుంది. పరికరం తన గురించి చెప్పుకునే 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్, వేగం, ఏ హబ్‌కు ఏ పోర్టులో తగిలించి ఉందో, ఎండ్‌పాయింట్ సున్నా, ఇవన్నీ అందులో ఉంటాయి. దాని కింద కాన్ఫిగరేషన్లు. చాలా పరికరాలకు ఒకటే ఉంటుంది, ఎన్ని ఉన్నా ఒక సమయంలో ఒక్కటే అమల్లో ఉంటుంది. కాన్ఫిగరేషన్ కింద ఇంటర్‌ఫేస్‌లు, అంటే యూఎస్‌బీ_ఇంటర్‌ఫేస్ స్ట్రక్చర్లు. ఒక్కో ఇంటర్‌ఫేస్ ఒక్కో పని: హెడ్‌సెట్ తీసుకుంటే ధ్వనికి కొన్ని ఇంటర్‌ఫేస్‌లు, వాల్యూమ్ బటన్లకు ఇంకొకటి. ఇంటర్‌ఫేస్ కింద ఆల్ట్‌సెట్టింగ్‌లు (అదే ఇంటర్‌ఫేస్‌కు ప్రత్యామ్నాయ అమరికలు), వాటి కింద ఎండ్‌పాయింట్లు.

పరికరం గుచ్చినప్పుడు మొత్తం యూఎస్‌బీ_డివైస్‌ను ముందుగా పట్టుకునేది కెర్నల్‌లోనే ఉన్న జెనెరిక్ డ్రైవర్. కాన్ఫిగరేషన్‌ను ఎంచి పెట్టేది అదే. ఆ తర్వాత ఇంటర్‌ఫేస్‌లు ఒక్కొక్కటిగా రిజిస్టర్ అవుతుంటే, ఐడీ_టేబుల్ సరిపోయిన డ్రైవర్ ప్రోబ్‌ను కెర్నల్ పిలుస్తుంది. మీరు యూఎస్‌బీ_డివైస్ మ్యాక్రోతో (పేరు ఒకటే అయినా ఇది పై స్ట్రక్చర్ కాదు) ఐడీలు మాత్రమే రాశారు. అది ఆ పరికరంలోని ఇంటర్‌ఫేస్‌లన్నిటికీ సరిపోతుంది.

కాబట్టి ఐడీ_టేబుల్‌లో యూఎస్‌బీ_డివైస్_ఇంటర్‌ఫేస్_నంబర్ మ్యాక్రో వాడి మీకు కావలసిన ఇంటర్‌ఫేస్ సంఖ్యను కూడా ఇవ్వండి. వెండర్ సొంత ఇంటర్‌ఫేస్ అయితే క్లాస్, సబ్‌క్లాస్, ప్రోటోకాల్ అడిగే మ్యాక్రో ఇంకా మేలు. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రామ్) తర్వాతి వెర్షన్‌లో ఇంటర్‌ఫేస్‌ల వరస మారినా ఇబ్బంది రాదు. ఇవేవీ కుదరనప్పుడు ప్రోబ్ మొదట్లోనే చూసుకుని, మీది కాని ఇంటర్‌ఫేస్ అయితే -ఈనోడెవ్ తిరిగి ఇవ్వండి. "ఇది నాది కాదు" అని చెప్పే పద్ధతి అదే. కెర్నల్ దాన్ని లోపం కింద లెక్కవేయదు, లాగ్‌లో గోల చేయదు. వేరే ఎర్రర్ ఇస్తే ప్రోబ్ విఫలమైందన్న లైన్ పడుతుంది, చూసినవాళ్లు కంగారు పడతారు. టేబుల్ చివర ఖాళీ వరస పెట్టడం, మాడ్యూల్_డివైస్_టేబుల్ రాయడం మరవకండి. మొదటిది లేకపోతే కెర్నల్ టేబుల్ దాటి చెత్త చదువుతుంది. రెండోది లేకపోతే పరికరం గుచ్చినా మాడ్యూల్ తనంతట తాను లోడ్ కాదు.

ప్రశ్న: సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ పరికరాలను ఫైళ్లుగా చూపే చోట) 1-1.2:1.0 లాంటి పేర్లు కనిపిస్తాయి. పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ మాత్రం బస్ 001, డివైస్ 005 అంటుంది. మళ్లీ గుచ్చితే అది 006 అవుతోంది. స్క్రిప్ట్‌లో దేన్ని నమ్ముకోవాలి?

జవాబు: 1-1.2:1.0 ని ఎడమ నుంచి విప్పండి. మొదటి 1 బస్ సంఖ్య. డాష్ తర్వాతి 1 రూట్ హబ్ (కంప్యూటర్ సొంత హబ్) మీది పోర్టు. చుక్క తర్వాతి 2 ఆ పోర్టుకు తగిలించిన హబ్‌లోని పోర్టు. ఇంతవరకు, అంటే 1-1.2, పరికరం పేరు. కోలన్ తర్వాత కాన్ఫిగరేషన్ 1, ఇంటర్‌ఫేస్ 0. కోలన్ ఉంటే ఇంటర్‌ఫేస్, లేకపోతే పరికరం.

డివైస్ 005 అనేది పరికరం బస్ మీదికి వచ్చినప్పుడు కెర్నల్ ఇచ్చే సంఖ్య. 1 నుంచి 127 వరకు వరసగా నడుస్తుంది, పీకి గుచ్చితే మారుతుంది. దాన్ని స్క్రిప్ట్‌లో రాసుకోవద్దు. ఫలానా పోర్టులో ఉన్నది కావాలంటే 1-1.2 వంటి దారిని నమ్మండి. ఫలానా పరికరమే కావాలి, ఏ పోర్టయినా సరే అంటే సీరియల్ నంబర్ చూసే యూడెవ్ రూల్ (పరికరాలకు స్థిరమైన పేర్లు పెట్టే సర్వీసుకు ఇచ్చే నియమం) రాయండి. చాలా చవక పరికరాలకు సీరియల్ నంబర్ ఉండదు, కొన్నిటిలో అన్నిటికీ ఒకటే ఉంటుంది. అలాంటివి రెండు ఒకే కంప్యూటర్‌కు తగిలిస్తే పోర్టును బట్టి తప్ప వేరు చేయడానికి దారి లేదు. బస్ సంఖ్య కూడా హోస్ట్ కంట్రోలర్లు బూట్‌లో పైకి వచ్చే వరసను బట్టి మారవచ్చు. అందుకే రూల్‌లో పీసీఐ దారితో సహా పట్టుకోవడం గట్టి పద్ధతి.

ప్రశ్న: మాది సీడీసీ ఏసీఎం (మోడెమ్, సీరియల్ పోర్టు వంటివి వాడే క్లాస్) తరహా పరికరం. కంట్రోల్‌కు ఒక ఇంటర్‌ఫేస్, డేటాకు ఒకటి. రెండింటినీ ఒకే డ్రైవర్ నడపాలి. డేటా ఇంటర్‌ఫేస్‌ను కాన్ఫిగరేషన్‌లోని ఇంటర్‌ఫేస్ అర్రేలో 1వ స్థానం నుంచి తీసుకున్నాను. ఒక మోడల్‌లో బాగుంది, ఇంకో మోడల్‌లో వేరే ఇంటర్‌ఫేస్ వస్తోంది.

జవాబు: అర్రేలో స్థానం, ఇంటర్‌ఫేస్ సంఖ్య ఒకటే కావాలన్న నియమం లేదు. సంఖ్యలు మధ్యలో తప్పిపోయిన పరికరాలు, సున్నాతో మొదలవని పరికరాలు చాలానే ఉన్నాయి. యూఎస్‌బీ_ఐఎఫ్‌నమ్_టు_ఐఎఫ్ ఫంక్షన్‌కు సంఖ్య ఇచ్చి స్ట్రక్చర్ తెచ్చుకోండి. ఆ సంఖ్య ఎంతో కూడా ఊహించవద్దు, కంట్రోల్ ఇంటర్‌ఫేస్‌తో పాటు వచ్చే యూనియన్ డిస్క్రిప్టర్ చెబుతుంది. ఆల్ట్‌సెట్టింగ్‌లకూ ఇదే మాట: అర్రే స్థానాన్ని నమ్మకుండా యూఎస్‌బీ_ఆల్ట్‌నమ్_టు_ఆల్ట్‌సెట్టింగ్ వాడండి.

ఇక రెండో ఇంటర్‌ఫేస్‌ను పట్టుకోవడం. ఐడీ_టేబుల్ కంట్రోల్ ఇంటర్‌ఫేస్‌కు మాత్రమే సరిపోయేలా రాసి, దాని ప్రోబ్‌లోనే యూఎస్‌బీ_డ్రైవర్_క్లెయిమ్_ఇంటర్‌ఫేస్ పిలిచి డేటా ఇంటర్‌ఫేస్‌ను సొంతం చేసుకోండి. -16 వస్తే దాన్ని అప్పటికే ఇంకో డ్రైవర్ పట్టుకుందని అర్థం.

ఎక్కువమంది చిక్కుకునేది డిస్‌కనెక్ట్ (పరికరం పోయినప్పుడు కెర్నల్ పిలిచే ఫంక్షన్) దగ్గర. అది రెండు ఇంటర్‌ఫేస్‌లకూ విడివిడిగా వస్తుంది, ఏది ముందు వస్తుందో లెక్కపెట్టుకోకూడదు. మొదట వచ్చిన పిలుపులో ఇంటర్‌ఫేస్ డేటా పాయింటర్ తీసుకుని, రెండు ఇంటర్‌ఫేస్‌లలోనూ దాన్ని నల్ చేసి, నడుస్తున్న యూఆర్‌బీలు (డేటా బదిలీ అభ్యర్థనలు) ఆపి, రెండో ఇంటర్‌ఫేస్‌ను యూఎస్‌బీ_డ్రైవర్_రిలీజ్_ఇంటర్‌ఫేస్‌తో వదలండి. రెండో పిలుపులో పాయింటర్ నల్‌గా కనిపిస్తే వెంటనే వెనక్కి వచ్చేయండి. ఇది పాటించకపోతే ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేసినట్టవుతుంది.

ప్రశ్న: ప్రోగ్రామ్ డివైస్ ఫైల్‌ను తెరిచి ఉంచిన సమయంలో కేబుల్ పీకేస్తే ఒక్కోసారి కెర్నల్ ఊప్స్ (కెర్నల్ లోపలి క్రాష్) వస్తోంది. పదిసార్లు పీకితే ఒకటి రెండుసార్లే. డిస్‌కనెక్ట్‌లో అన్నీ కేఫ్రీ చేస్తున్నాను (మెమరీని విడిచేస్తున్నాను), ఏదీ మిగల్చడం లేదు. ఎక్కడ చూడాలి?

జవాబు: అన్నీ కేఫ్రీ చేయడమే ఇక్కడ తప్పు. వస్తువు పోయినంత మాత్రాన దాని స్ట్రక్చర్ పోకూడదు. ఫైల్ తెరిచి ఉన్న ప్రోగ్రామ్ చేతిలో మీ స్ట్రక్చర్ పాయింటర్ ఇంకా ఉంది. అది తర్వాత రీడ్ పిలిచినా, చివరికి క్లోజ్ పిలిచినా మీరు విడిచేసిన మెమరీనే తాకుతుంది. ఆ మెమరీని ఈలోగా ఇంకెవరైనా తీసుకుంటేనే ఊప్స్ కనిపిస్తుంది, అందుకే ఒక్కోసారి మాత్రమే. కాసన్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసిన కెర్నల్ మీద నడిపి చూడండి, ప్రతిసారీ పట్టేస్తుంది.

మీ సొంత స్ట్రక్చర్‌లో ఒక కేరెఫ్ (ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టే కౌంటర్) పెట్టండి. ప్రోబ్‌లో కేరెఫ్_ఇనిట్ చేసి, యూఎస్‌బీ_గెట్_డెవ్‌తో పరికరం మీద రిఫరెన్స్ తీసుకోండి. ఇంటర్‌ఫేస్ పాయింటర్ కూడా దాచుకుంటే యూఎస్‌బీ_గెట్_ఇంటిఎఫ్ కూడా. ఓపెన్‌లో కేరెఫ్_గెట్, రిలీజ్‌లో కేరెఫ్_పుట్. డిస్‌కనెక్ట్‌లో కూడా ఒక కేరెఫ్_పుట్ మాత్రమే. కేఫ్రీ, యూఎస్‌బీ_పుట్_డెవ్ వంటివన్నీ లెక్క సున్నాకు చేరినప్పుడు నడిచే ఒక్క ఫంక్షన్‌లోనే ఉండాలి.

ఇంతటితో సగం పనే అయింది. పరికరం వెళ్లిపోయాక కూడా రీడ్, రైట్ పిలుపులు వస్తాయి. వాటి కోసం ఒక మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరినే రానిచ్చే లాక్), డిస్‌కనెక్ట్ అయిందని చెప్పే ఒక ఫ్లాగ్ ఉండాలి. రీడ్, రైట్, ఐఓకంట్రోల్ మూడింటిలోనూ మ్యూటెక్స్ తీసుకున్న వెంటనే ఆ ఫ్లాగ్ చూసి, పెట్టి ఉంటే -19, అంటే -ఈనోడెవ్, ఇచ్చేయండి. మ్యూటెక్స్ తీసుకునే ముందు చూస్తే ఉపయోగం లేదు. చూసిన క్షణానికీ తీసుకున్న క్షణానికీ మధ్యే కేబుల్ ఊడవచ్చు.

డిస్‌కనెక్ట్‌లో వరస ముఖ్యం. ముందు యూఎస్‌బీ_డీరిజిస్టర్_డెవ్. అది తిరిగి వచ్చాక కొత్త ఓపెన్‌లు రావు. ఓపెన్‌లో తీసుకునే లాక్‌ను పట్టుకుని మాత్రం దీన్ని పిలవకండి. యూఎస్‌బీ కోర్ మీ ఓపెన్‌ను తన సెమఫోర్ (ఇంకో రకం లాక్) పట్టుకునే పిలుస్తుంది, డీరిజిస్టర్ కూడా అదే సెమఫోర్ అడుగుతుంది. రెండూ ఎదురుపడితే ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. తర్వాత మ్యూటెక్స్ తీసుకుని ఫ్లాగ్ పెట్టి, మ్యూటెక్స్ వదలండి. ఆ తర్వాత యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ, లేదా యాంకర్ (యూఆర్‌బీలను ఒక గుంపుగా కట్టేది) వాడుతుంటే యూఎస్‌బీ_కిల్_యాంకర్డ్_యూఆర్‌బీస్. డేటా కోసం నిద్రపోతున్న రీడర్లను వేక్_అప్‌తో లేపండి, లేకపోతే వాళ్లు రాని డేటా కోసం కూర్చుంటారు. చివరగా కేరెఫ్_పుట్.

యూఆర్‌బీ ముగియగానే నడిచే కంప్లీషన్ ఫంక్షన్ గురించి ఇంకొక మాట. అక్కడ నిద్రపోకూడదు: మ్యూటెక్స్ తీసుకోరాదు, మెమరీ జీఎఫ్‌పీ_అటామిక్‌తోనే (నిద్రపోకుండా అడిగే ఫ్లాగ్) అడగాలి, యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ అక్కడ అసలు పిలవరాదు. అదే యూఆర్‌బీని మళ్లీ పంపే అలవాటు ఉన్న డ్రైవర్లలో స్టేటస్ చూసి పంపాలి. -2, -104, -108 వస్తే ఎవరో ఆపేశారు లేదా పరికరం పోయింది, మళ్లీ పంపవద్దు. -71, అంటే వైరు మీద సంకేతాలు చెడిపోయాయన్న ఎర్రర్, కొంచెం చిక్కు. కేబుల్ ఊడిన క్షణానికీ హబ్ డ్రైవర్ ఆ సంగతి గమనించే క్షణానికీ మధ్య పంపిన ప్రతి యూఆర్‌బీ ఈ ఎర్రర్‌తోనే తిరిగి రావచ్చు. ఆ కాస్త వ్యవధిలో ఆగకుండా పంపుతూ, ప్రతిసారీ లాగ్‌లో ఒక లైన్ రాసే డ్రైవర్ లాగ్ మొత్తాన్ని నింపేస్తుంది. వరసగా కొన్ని వస్తే ఆగి, టైమర్ మీద మళ్లీ ప్రయత్నించేలా రాయండి.

ప్రశ్న: యూఎస్‌బీ_కంట్రోల్_మెసేజ్‌తో 2 బైట్లు చదువుతున్నాను. పాత కెర్నల్‌లో పనిచేసిన కోడ్ ఇప్పుడు -11 ఎర్రర్ ఇస్తోంది, లాగ్‌లో ట్రాన్స్‌ఫర్ బఫర్ స్టాక్ (ఫంక్షన్ తాత్కాలిక మెమరీ) మీద ఉందన్న హెచ్చరిక.

జవాబు: హెచ్చరికే జవాబు. బఫర్ డీఎంఏకు (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా హార్డ్‌వేరే మెమరీని చదివి రాసే పద్ధతికి) పనికిరావాలి. స్టాక్ వర్చువల్‌గా మ్యాప్ అయిన కెర్నల్‌లో ఆ చిరునామా డీఎంఏకు ఇవ్వదగ్గది కాదు. 2 బైట్లకైనా కేమలాక్‌తో విడిగా మెమరీ తీసుకోండి. మీ స్ట్రక్చర్ మధ్యలో ఒక చిన్న అర్రేగా కూడా పెట్టవద్దు. పక్క ఫీల్డులతో క్యాష్ లైన్ (ప్రాసెసర్ ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్క) పంచుకుంటుంది కాబట్టి, డీఎంఏ నడుస్తుండగా ప్రాసెసర్ పక్క ఫీల్డును రాస్తే కొన్ని ఆర్కిటెక్చర్లలో డేటా పాడవుతుంది. ఎక్స్86 మీద ఇది బయటపడదు, ఆర్మ్ బోర్డు మీద ఎప్పుడో ఒకసారి తేలుతుంది, కారణం వెతకడానికి రోజులు పడుతుంది. కొత్త కెర్నళ్లలో యూఎస్‌బీ_కంట్రోల్_మెసేజ్_సెండ్, యూఎస్‌బీ_కంట్రోల్_మెసేజ్_రిసీవ్ అనే రెండు ఫంక్షన్లు ఉన్నాయి. అవి బఫర్‌ను తామే కాపీ చేసుకుంటాయి కాబట్టి స్టాక్ బఫర్ ఇచ్చినా ఫరవాలేదు. అడిగినన్ని బైట్లు రాకపోతే ఎర్రర్ ఇస్తాయి. పాత ఫంక్షన్ తక్కువ వచ్చినా విజయమే అంటుంది, ఆ తేడాను చాలా డ్రైవర్లు పట్టించుకోవు.

ప్రశ్న: బల్క్ ఎండ్‌పాయింట్ (ఎక్కువ డేటా పంపే రకం) చిరునామా హెక్స్‌లో 81, బఫర్ 64 బైట్లు అని కోడ్‌లో నేరుగా రాశాను. ఒక హబ్ ద్వారా తగిలిస్తే చక్కగా నడుస్తోంది, నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే -75 వస్తోంది.

జవాబు: ఆ హబ్ పాతది, ఫుల్ స్పీడ్‌ది అయి ఉంటుంది. 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్‌లో బల్క్ ప్యాకెట్ 64 బైట్లకు మించదు. నేరుగా తగిలిస్తే మీ పరికరం 480 మెగాబిట్ల హై స్పీడ్‌లోకి వెళ్తుంది. అక్కడ బల్క్ ప్యాకెట్ 512 బైట్లు. సూపర్ స్పీడ్‌లో 1024. మీరు 64 బైట్ల చోటు ఇస్తే పరికరం 512 పంపింది. చోటు చాలనప్పుడు వచ్చే ఎర్రరే -75.

ఎండ్‌పాయింట్లను యూఎస్‌బీ_ఫైండ్_కామన్_ఎండ్‌పాయింట్స్ ఫంక్షన్‌తో వెతకండి. ప్యాకెట్ పరిమాణాన్ని యూఎస్‌బీ_ఎండ్‌పాయింట్_మ్యాక్స్‌పీతో తీసుకోండి. డిస్క్రిప్టర్‌లోని ఆ ఫీల్డును నేరుగా చదవద్దు, అది లిటిల్ ఎండియన్‌లో (చిన్న విలువ బైట్ ముందు వచ్చే వరసలో) ఉంటుంది, పై బిట్లలో వేరే సమాచారం ఉంటుంది. చదివే బఫర్ ఎప్పుడూ ప్యాకెట్ పరిమాణానికి గుణిజంగా ఉండాలి. ఎండ్‌పాయింట్ దొరకలేదంటే ప్రోబ్‌ను అక్కడే ఆపేయండి. డిస్క్రిప్టర్ అనేది పరికరం చెప్పే మాట, నిజం కావాలని లేదు. కావాలనే తప్పుడు డిస్క్రిప్టర్లు పంపే పరికరం గుచ్చినా కెర్నల్ నిలబడాలి. సిజ్‌కాలర్ ఫజర్ (తప్పుడు ఇన్‌పుట్లు ఇచ్చి లోపాలు వెతికే సాధనం) యూఎస్‌బీ డ్రైవర్లలో బయటపెట్టిన తప్పుల్లో ఈ తనిఖీ లేకపోవడం మళ్లీమళ్లీ కనిపిస్తుంది.

వేగం మారితే ఇంకొకటి కూడా మారుతుంది. ఇంటరప్ట్ ఎండ్‌పాయింట్ ఇంటర్వల్ (ఎంతసేపటికోసారి పరికరాన్ని అడగాలో చెప్పేది) విలువ 10 అనుకోండి. ఫుల్ స్పీడ్‌లో దాని అర్థం 10 మిల్లీసెకన్లు. హై స్పీడ్‌లో అది ఘాతాంకం: రెండును తొమ్మిదిసార్లు హెచ్చించగా వచ్చే 512ను 125 మైక్రోసెకన్లతో గుణించాలి, అంటే 64 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ_ఫిల్_ఇంట్_యూఆర్‌బీ ఈ లెక్క తనే చేస్తుంది. ఫీల్డులను చేత్తో నింపేవాళ్లకే తిప్పలు.

రాసేటప్పుడు వచ్చే చిక్కు కూడా చెప్పాలి. 511 బైట్లు పంపితే పరికరం స్పందిస్తుంది, 513 పంపినా స్పందిస్తుంది, సరిగ్గా 512 పంపితే ఉలకదు పలకదు. ప్యాకెట్ నిండుగా వచ్చింది కాబట్టి ఇంకా డేటా ఉందని ఫర్మ్‌వేర్ ఎదురుచూస్తుంటుంది. యూఆర్‌బీ_జీరో_ప్యాకెట్ ఫ్లాగ్ పెడితే చివర ఒక ఖాళీ ప్యాకెట్ వెళ్తుంది, ఎదురుచూపు తీరుతుంది. పరికరం ప్రోటోకాల్‌లో పొడవు ముందే చెప్పే పద్ధతి ఉంటే ఈ ఫ్లాగ్ అవసరం లేదు, పెడితే కొన్ని ఫర్మ్‌వేర్లు తికమకపడతాయి కూడా.

ప్రశ్న: ల్యాప్‌టాప్ నిద్రలేచాక మా పరికరానికి ప్రోబ్ మళ్లీ వస్తోంది, అప్పటికే తెరిచి ఉన్న ఫైల్ పనికిరాకుండా పోతోంది. కేబుల్ ఎవరూ ముట్టుకోలేదు.

జవాబు: నిద్రలో పోర్టుకు కరెంటు ఆగి ఉంటే, లేచాక కెర్నల్ పరికరాన్ని రీసెట్ చేసి నడిపించాలని చూస్తుంది. మీ డ్రైవర్‌లో ఆ రీసెట్ తర్వాత పిలిచే రీసెట్_రెజ్యూమ్ ఫంక్షన్ లేకపోతే డ్రైవర్‌ను విడదీసి మళ్లీ అతికిస్తుంది. పాత ఫైల్ పాత స్ట్రక్చర్‌తోనే మిగిలిపోతుంది. రీసెట్_రెజ్యూమ్ రాసి, అందులో పరికరం మరిచిపోయిన సెట్టింగులన్నీ తిరిగి పంపండి. ప్రీ_రీసెట్, పోస్ట్_రీసెట్ కూడా రాయండి. అవి లేకపోతే మెలకువలో ఎవరైనా పరికరాన్ని రీసెట్ చేసినప్పుడూ ఇదే జరుగుతుంది.

ప్రశ్న: డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71 అని లాగ్ నిండా వస్తోంది. నా డ్రైవర్‌లో ఏం సరిచేయాలి?

జవాబు: మీ డ్రైవర్‌లో ఏమీ లేదు. ఆ దశలో యూఎస్‌బీ_డివైస్ స్ట్రక్చర్ కెర్నల్ చేతిలో ఉంది గానీ ఇంకా రిజిస్టర్ కాలేదు, ఇంటర్‌ఫేస్‌లు పుట్టనే లేదు. పరికరం ఎవరో తెలియక ముందే మాట తెగిపోయింది. కేబుల్ మార్చండి, హబ్ తీసి నేరుగా పోర్టుకు తగిలించండి, విద్యుత్తు చాలుతోందో చూడండి. -71 అంటే వైరు మీద సంకేతాలు చెడిపోతున్నాయి. -110 అయితే పరికరం అసలు బదులివ్వలేదు, అప్పుడు ఫర్మ్‌వేర్‌ను కూడా అనుమానించాలి.

ప్రశ్న: మా కొలత పరికరం హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ వంటివి వాడే) క్లాస్‌తో వస్తుంది. నా యూఎస్‌బీ డ్రైవర్ లోడ్ అవుతుంది గానీ ప్రోబ్ రావడం లేదు. డ్రైవర్‌ను ఊడదీసే అన్‌బైండ్ ఫైల్‌లో 1-1.2 రాస్తే అలాంటి పరికరం లేదంటోంది.

జవాబు: ఆ ఇంటర్‌ఫేస్‌ను కెర్నల్‌లోని యూఎస్‌బీహెచ్‌ఐడీ డ్రైవర్ ముందే పట్టుకుంది. ఒకసారి అతికిన డ్రైవర్‌ను ఊడదీసి ఇంకొకరికి ఇవ్వడం కెర్నల్ తనంతట తాను చేయదు. యూఎస్‌బీహెచ్‌ఐడీ పట్టుకున్నది ఇంటర్‌ఫేస్‌ను కాబట్టి అన్‌బైండ్‌లో రాయవలసింది 1-1.2 కాదు, కోలన్‌తో సహా 1-1.2:1.0. తర్వాత అదే పేరును మీ డ్రైవర్ బైండ్ ఫైల్‌లో రాయండి. ప్రయోగానికి ఇది చాలు.

శాశ్వతంగా మాత్రం ఈ దారి వద్దు. పరికరం హెచ్‌ఐడీ అయినప్పుడు యూఎస్‌బీ_డ్రైవర్ కాకుండా హెచ్‌ఐడీ_డ్రైవర్ రాయాలి. అది యూఎస్‌బీహెచ్‌ఐడీ పైన కూర్చుంటుంది, రిపోర్టులు విప్పి మీ చేతికి వస్తాయి, జెనెరిక్ హెచ్‌ఐడీ డ్రైవర్ మీదాన్ని చూసి తప్పుకుంటుంది. యూఆర్‌బీలు, డిస్‌కనెక్ట్ గొడవల్లో చాలా భాగం మీ నెత్తిన పడదు.

అసలు కెర్నల్ డ్రైవర్ కావాలా అన్నది కూడా చూడండి. సెకనుకు కొన్ని రీడింగులు చదివి ఒక ప్రోగ్రామ్‌కు ఇవ్వడమే పని అయితే హెచ్‌ఐడీరా ఫైల్ (రిపోర్టులను నేరుగా చదవనిచ్చే డివైస్ ఫైల్) చాలు, యూఎస్‌బీహెచ్‌ఐడీ దాన్ని ఇప్పటికే ఇస్తోంది. హెచ్‌ఐడీ కాని పరికరమైతే లిబ్‌యూఎస్‌బీ (కెర్నల్ బయటి ప్రోగ్రామ్ నుంచే పరికరాన్ని నడిపే లైబ్రరీ) ఉంది. అది కూడా ఇంటర్‌ఫేస్‌నే క్లెయిమ్ చేస్తుంది, కోడ్‌లో తప్పు ఉంటే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే పడిపోతుంది. పరికరం నెట్‌వర్క్ కార్డుగానో, సౌండ్ కార్డుగానో, డిస్క్‌గానో మిగతా ప్రోగ్రాములన్నిటికీ కనిపించాలంటే అప్పుడు కెర్నల్ డ్రైవర్ రాయక తప్పదు.